కొలువు మారితే స్వధర్మం మారుతుందా?

హైదరాబాద్‌లోని తార్నాక చౌరస్తాకు కూతవేటు దూరంలో లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉంది. నిజాం రైల్వే కాలంలో, 1893లో పెట్టినది. 1974 మే 8న కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ పిలుపుతో దేశమంతటా సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఇలాంటి షెడ్లన్నిటికీ ఒక విచిత్రమైన చిక్కు వచ్చిపడింది. రైళ్లు ఆగకుండా చూడటానికి ప్రభుత్వం టెరిటోరియల్ ఆర్మీని దించింది. అందులోని రైల్వే దళాలవాళ్లు పరాయివాళ్లేం కాదు. రైల్వేలోనే పనిచేసే మనుషులు. మామూలు రోజుల్లో తోటివాళ్లతో కలిసి టీ తాగే మనిషి, పిలుపు రాగానే యూనిఫాం తొడిగి సైన్యం చట్టం కిందికి వెళ్లిపోతాడు. పట్టేది అదే పానా, ఎక్కేది అదే ఇంజను. మరి ఆ రోజు అతని స్వధర్మం ఏది? తోటి కార్మికుడి పక్కన నిలబడటమా, ఆజ్ఞ పాటించడమా?

సమ్మె మూడు వారాలు నిండకుండానే ముగిసింది. ఆ ఫెర్నాండెజ్ గారే 1998లో రక్షణ మంత్రి అయి, టెరిటోరియల్ ఆర్మీకి కూడా పెద్దదిక్కు కావడం చరిత్ర ఆడిన చిలిపి ఆట.

టెరిటోరియల్ ఆర్మీ పుట్టుకలోనే ఈ రెండు ముఖాలున్నాయి. 1948లో చట్టం వచ్చింది, 1949 అక్టోబర్ 9న రాజాజీ దాన్ని ప్రారంభించారు. ఇందులో చేరాలంటే ముందు బయట ఒక బతుకుతెరువు ఉండాలి. సైన్యమే వృత్తిగా బతకాలనుకునేవారికి ఇది కాదు. రైల్వే ఇంజనీర్ల రెజిమెంట్లు ఆరు ఉండేవి. ఈ మధ్య ఒక్క జమాల్‌పూర్ రెజిమెంటును ఉంచి, సికింద్రాబాద్‌తో సహా మిగతా అయిదింటినీ ఎత్తివేయాలని నిర్ణయించారు. అంటే వాటిలోని మనిషి మళ్లీ ఉత్త రైల్వే ఉద్యోగి. భుజం మీది బిళ్ల పోతుంది, చేతిలోని పని మిగులుతుంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. అమెరికా నేషనల్ గార్డులో విమానాలు బాగుచేసే టెక్నీషియన్లకు 1968 చట్టం రెండు గుర్తింపులు కలిపి ఇచ్చింది: పేరుకు పౌర ఉద్యోగి, కానీ గార్డులో సభ్యత్వం పోతే ఉద్యోగమూ పోతుంది. పనిలో ఉన్నంతసేపూ యూనిఫాం వేసుకోవాలి. 2024లో అలాస్కా ఎయిర్ గార్డులో పూర్తికాలపు సైనిక కొలువులు సుమారు 80 ఇలాంటి టెక్నీషియన్ కొలువులుగా మార్చాలని చూస్తే అక్కడ పెద్ద గొడవే అయింది. మనుషులు అవే విమానాలు చూసుకోవాలి, కానీ జీతం తగ్గుతుంది. మన దగ్గర 2016లో షేకత్కర్ కమిటీ సైన్యానికి చెప్పిన సంస్కరణల్లో భాగంగా 57,000 కొలువుల సర్దుబాటుకు ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం ఒప్పుకుంది. సైన్యం వర్క్‌షాపుల పునర్వ్యవస్థీకరణ కూడా ఆ జాబితాలోదే. ఖజానా లెక్కల్లో ఇవన్నీ సబబే కావచ్చు. యుద్ధానికి వెళ్లకుండా బల్ల దగ్గర కూర్చునేవాడికి సైనికుడి ఖర్చు ఎందుకని అడిగితే తప్పు పట్టలేం.

అయితే లెక్కల పుస్తకంలో ఇమడని ప్రశ్న ఒకటుంది. దానికి తెలుగువాడికి బాగా తెలిసిన చోటు విరాటపర్వం. ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచి, పాండవులు విరాట రాజు దగ్గర పౌర ఉద్యోగాల్లో చేరారు. భీముడు వంటవాడు, నకులుడు గుర్రాలవాడు, అర్జునుడు ఆటపాటలు నేర్పే బృహన్నల. కౌరవులు గోవులను తోలుకుపోతే, ఆ నాట్యం మాస్టారే రాకుమారుడు ఉత్తరుణ్ణి జమ్మిచెట్టెక్కించి విల్లు దింపించి యుద్ధం గెలిచాడు. అప్పుడు విరాటుడు ఏం చేశాడు? గెలిచింది తన కొడుకు ఉత్తరుడే అనుకున్నాడు. కాదు, బృహన్నల తోడున్నందువల్లే గెలుపు వచ్చిందని తనతో పాచికలాడుతున్న కంకుడు పదేపదే అంటే, కోపం పట్టలేక పాచికతో ముఖం మీద కొట్టాడు. హోదాను చూసి మనిషిని అంచనా వేసే యజమానికి అంతకన్నా కనపడదు. ఆడుతున్నవాడు ధర్మరాజని అతనికి తెలియదు సరే, చెప్పిన మాటలో నిజముందేమోనన్న అనుమానం కూడా రాలేదు.

కాబట్టి స్వధర్మం కొలువుకు అంటుకుని ఉండదని భారతమే చెప్తోంది. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు తపస్వి అయిన కౌశికుడికి ధర్మం బోధించడమూ అందుకే. ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర. పనిని చూడు, ఫలితాన్ని చూడకు అనే గీతాబోధను కొలువులు మార్చే చర్చల్లో తరచూ ఉద్యోగి వైపే తిప్పి చదువుతారు. అర్జునుడికి ఆ మాట చెప్పినవాడు ఆయుధం పట్టనని ఒప్పుకుని, జీతం లేకుండా పగ్గాలు పట్టిన సారథి. పనిచేయించుకునే దుర్యోధనుడు కాదు. ఫలాపేక్ష వదులుకోవడం చేసేవాడి సాధన. దాన్ని చేయించుకునేవాడు పొదుపు పద్దు కింద రాసుకుంటే అది గీత కాదు, గడుసుదనం.

పోనీ, జీతం ధర్మాన్ని పాడుచేస్తుందా? భీష్మపర్వంలో ధర్మరాజు ఆశీస్సులకు వెళ్లినప్పుడు భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, శల్యుడు ఒకరి తర్వాత ఒకరు ఒకే సంగతి ఒప్పుకుంటారు: కౌరవుల సొమ్ముకు కట్టుబడ్డామని. ఇంతకన్నా నిజాయితీగా మాట్లాడిన ఉద్యోగులు మన సాహిత్యంలో అరుదు. తిన్న ఉప్పు వాళ్లను తప్పు పక్షాన నిలబెట్టింది. కానీ ఉప్పు పెట్టిన చేతికీ ఒక బాధ్యత ఉంటుందన్న సంగతి ఆ ఒప్పుకోలులోనే దాగుంది.

తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్ లోపలికి వస్తే ఈ తర్కం నేల మీదికి దిగుతుంది. తెల్లారకముందే అక్కడి రోడ్ల మీద పరుగు తీసే కుర్రాళ్లలో కానిస్టేబుల్ కొలువు కోసం కొందరైతే, అగ్నివీర్ కోసం ఇంకొందరు. అగ్నివీర్ పరుగులో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తేనే పూర్తి మార్కులు. షూ అడుగు అరిగిపోయినా మార్చరు, స్టాప్‌వాచ్ మాత్రం చెయ్యి దిగదు. 2022 జూన్ 14న సైన్యంలో అగ్నివీర్‌లను తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించారు. మూడు రోజులకు, అంటే 17న, ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న సికింద్రాబాద్ స్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు. బోగీలు కాల్చడాన్ని ఎవరూ సమర్థించరు. అంత కోపానికి మూలం మాత్రం జీతం ఒక్కటే కాదు. సైన్యంలో చేరితే మనిషే మారిపోతాడని ఊళ్లో నమ్మకం. ఆ మార్పుకు ఇప్పుడు నాలుగేళ్ల గడువు పెట్టారు. నూటికి 25 మంది దాకా ఉంటారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో, పింఛను లేకుండా బయటికొస్తారు. కేంద్ర బలగాల్లో 10 శాతం కోటా ఉంటుందని అప్పట్లో అన్నారు.

2023 జనవరి నాటికి శిక్షణలో చేరిన తొలి సైనిక బ్యాచ్‌కు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండటం మొదలవుతుంది. ఇరవై ఒకటిన్నర, ఇరవై ఏడు మధ్య వయసువాళ్లు. వాళ్లలో కొందరు ఏ వర్క్‌షాపులోనో, ఏ గేటు దగ్గరో కొత్త కొలువులో కనపడతారు. పై అధికారి వాళ్లకు జీతం చీటీ ఇచ్చే ముందు విరాటుడి పాచిక సంగతి ఎవరైనా చెప్తే బాగుండు.