రోగి: కర్తా, కర్మా?

క్రియను నిర్వహించేది కర్త, క్రియాఫలాన్ని పొందేది కర్మ అని విద్యార్థులకు పాఠం చెబుతుంటాను. మన ఆసుపత్రుల భాషలో వైద్యుడెప్పుడూ కర్త, రోగి ఎప్పుడూ కర్మ. ఈ సంబంధం మారకుండా వైద్యసేవల నాణ్యత పెరుగుతుందా అన్నదే నా ప్రశ్న.

ఆరోగ్యరక్షణకు ప్రణాళిక వేయడంలోనూ, దాన్ని అమలుపరచడంలోనూ పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత కూడా అని 1978లో ఆల్మా-ఆటా ప్రకటన చాటింది. మన కేంద్రప్రభుత్వం 2016లో 'మేరా అస్పతాల్' పేర రోగుల అభిప్రాయాలు సేకరించే ఏర్పాటు చేసింది. అడగడం మంచిదే. కాని తృప్తి ఒక్కటే నాణ్యతకు కొలబద్ద కాజాలదు. తరతరాలుగా ఛీత్కారాలకు అలవాటుపడ్డ పేదవాడు, కసురుకోకుండా మందిస్తే చాలు, తృప్తిపడతాడు. ఆ తృప్తి ఆసుపత్రి గొప్పతనానికి కాదు, అతని లేమికి సాక్ష్యం.

"రోగికి శాస్త్రమేం తెలుసు? మందు మోతాదు ఓట్లతో తేలుస్తారా?" అని కొందరు ఆక్షేపిస్తారు. అలా తేల్చమని ఎవరూ అనడం లేదు. మోతాదు వైద్యుడికి తెలుసు. ఆ మందు ఎందుకు ఆగిపోయిందో రోగికే తెలుసు. క్షయనే తీసుకోండి. సాధారణంగా ఆరునెలలు మందు వాడాలి. మధ్యలో మానినవాణ్ణి వైద్యుల లెక్కలు చాలాకాలం 'డిఫాల్టర్' అన్నాయి, అప్పు ఎగవేసినవాణ్ణి అన్నట్టే. మందుకు వెళ్ళిన రోజు కూలి పోతుందనీ, మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందనీ, ఊళ్ళో తెలిస్తే కూతురి పెళ్ళి ఆగుతుందనీ ఆ మాట చెప్పదు. నేరమంతా రోగిది, వ్యవస్థ నిర్దోషి! 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట తీసేసి, 'పర్యవేక్షణకు అందకుండా పోయినవారు' అనే అర్థమిచ్చే మాట పెట్టింది. అందుకోలేకపోయింది ఎవరన్న ప్రశ్న అప్పుడు ఆసుపత్రి వైపు తిరిగింది.

మాట మారితే చాలునా? చాలదు. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ రోగులు తమను 'బాధితులు' అనవద్దన్నారు. అంతటితో ఆగక, నిర్ణయాలు జరిగే ప్రతి స్థాయిలోనూ, తమకు సేవలందించే సంస్థల పాలకవర్గాల్లోనూ తమకు స్థానముండాలన్నారు. భాషతోపాటు అధికారాన్నీ ప్రశ్నించారు.

మన దేశంలో 2005 నాటి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద రోగి కల్యాణ సమితులు విస్తరించాయి. పేరులో రోగి ఉన్నాడు. కుర్చీలు ప్రధానంగా అధికారులకూ, ప్రజాప్రతినిధులకూ దక్కాయి. నేను వైద్యులకు, నర్సులకు వ్యతిరేకంగా వాదించడం లేదు. మందుల కొరత, నలుగురి పని ఒక్కరు చేయవలసిరావడం వారికీ భారమే. ఆ భారాన్ని ప్రభుత్వం ముందుంచడానికి రోగికంటే నమ్మకమైన తోడు వారికి దొరకదు. క్షయ నుంచి కోలుకున్న ఒక కూలిమనిషికి ఆ సమితిలో కుర్చీ, ఖర్చుల లెక్క అడిగే హక్కు, సమావేశానికి వచ్చిన రోజు కూలి ఇవ్వాలి. మూడోది లేనిదే మొదటి రెండూ అలంకారాలే.