నియోటెరిక్ అనే మాట



ఆదివారపు ఆరాధనలో కొంత భాగము ఇంగ్లీషులో జరగాలని మా సంఘ యౌవనస్థులు అర్జీ పెట్టుకున్నారు. కమిటీలో నేనే ముందు లేచి, "ఇవన్నీ కొత్త పోకడలు" అన్నాను. ఇంటికి వచ్చాక కాలేజీలో చదివే మా మనవరాలు, "తాతయ్యా, మీరన్నదానికి ఇంగ్లీషులో ఒక మాట ఉంది, నియోటెరిక్" అని నవ్వింది. నలభై ఏళ్లు ఇంగ్లీషు ఫైళ్లతో బ్రతికినవాణ్ణి, ఆ మాట ఎన్నడూ వినలేదు.

నిఘంటువు తీశాను. ఈ కాలపుది, కొత్తది అని అర్థము. మూలము 'నియోటెరోస్' అనే గ్రీకు మాట. క్రీస్తు పూర్వం 50లో సిసెరో ఒక ఉత్తరంలో తన కాలపు కొత్త కవులను ఆ మాటతోనే వెక్కిరించాడు. కమిటీలో నా గొంతు కూడా అదే!

ఆ గ్రీకు మాట పోల్చి చెప్పేది: 'మరింత కొత్తది', 'వయసులో చిన్నది'. ప్రక్కన పెద్దది ఒకటి ఉంటేనే దానికి అర్థము. చిన్నదనడం వేరు, చెడ్డదనడం వేరు; నేను రెండూ కలిపేశాను. (కొత్తదైతే చాలు మంచిదే అనుకునే యౌవనస్థులదీ అదే పొరపాటు.)

అసలు ఏది పాత, ఏది కొత్త? 1996లో మద్రాసుకు చెన్నై అని కొత్త పేరు పెట్టారన్నారు. నెల్లూరు, ఒంగోలు వైపు నుండి వచ్చిన మన పెద్దలు అంతకు ఎంతో ముందే చెన్నపట్నం అనేవారు. దామర్ల చెన్నప్ప నాయకుని పేరు మీద అది వచ్చిందని చెబుతారు. మన చేతిలోని 'క్రొత్త నిబంధన' చూడండి. ఆ 'క్రొత్త' పాత తెలుగు. ఇంట్లో ఎవరమూ అలా పలకము.

మా మనవరాలికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇక్కడి బడిలో ఆమె నేర్చినవి తమిళము, ఇంగ్లీషు. 2006 నాటి చట్టము బడులలో తమిళాన్ని తప్పనిసరి చేసింది. కీర్తనల పుస్తకం చేతికిస్తే పట్టుకొని నిలబడుతుంది, అంతే. ఇన్నేళ్లూ ప్రక్కనే నిలబడి నేను గమనించలేదు.

లూకా 15లో ఇల్లు విడిచిపోయిన చిన్న కుమారునికి గ్రీకులో ఉన్నది ఈ నియోటెరోస్ మాటే. పొలములో ఉన్న అన్నకు వాడినది 'ప్రెస్బుటెరోస్'. క్రొత్త నిబంధనలో సంఘ పెద్దలకూ అదే మాట. ఇది తెలిసి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. అన్న అబద్ధమాడలేదు. ఇన్నేళ్లు నిజంగానే కష్టపడ్డాడు. తండ్రి కాదనలేదు, బయటికి వచ్చి బతిమాలుకున్నాడు. అన్న లోపలికి వెళ్లాడో లేదో లూకా వ్రాయలేదు.

అర్జీ వచ్చే నెల మళ్లీ కమిటీకి వస్తుంది. ఆరాధనలో ఏ భాగము అర్థము కావడం లేదో ముందు పిల్లలనే పిలిచి అడుగుదామని కార్యదర్శిగారికి వ్రాశాను. కీర్తనలు మాత్రం తెలుగులోనే ఉండాలని నా పట్టు. అది ఇంకా వదలలేదు.