నాలుగో ఆశ్రమం దాకా ఆగని రాహుల్

హిందూ ధర్మశాస్త్రాలు జీవితాన్ని నాలుగు ఆశ్రమాలుగా విభజించి, ఇల్లు వదిలి తత్వం వెతకడాన్ని చివరికి ఉంచాయి. ‘బాధ్యతలు తీరాక చూద్దాం’ అన్న అలవాటుకు అదే ఆసరా.

రచయిత రాహుల్ సాంకృత్యాయన్ ఆ వరస పాటించలేదు. 1893లో ఆజంగఢ్ జిల్లాలో కేదారనాథ్ పాండేగా పుట్టి, ఇరవయ్యేళ్లకే వైష్ణవ సాధువయ్యారు. తర్వాత ఆర్యసమాజం, స్వాతంత్య్రోద్యమం, జైళ్లు. 1930లో శ్రీలంకలో బౌద్ధ భిక్షువు. ఆపైన మార్క్సిస్టు. టిబెట్‌కు నాలుగుసార్లు వెళ్లి, మన దేశంలో కనుమరుగైన, బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి రాసిన ‘ప్రమాణవార్తికం’ సంస్కృత ప్రతిని వెలికితీశారు.

ఈ మార్పులను నిలకడలేనితనం అనడం తప్పు. పాళీ, టిబెటన్ నేర్చుకుని, మూలగ్రంథాలు చదివి, బౌద్ధంలో కొన్నేళ్లు బతికాకే ఆయన ముందుకు కదిలారు. విశ్వాసాన్ని అంత లోతుగా పరీక్షించేవారు అరుదు.

అయితే చిన్ననాడే పెళ్లాడిన భార్య ఊళ్లోనే మిగిలిపోయారు. యాభై ఏళ్లు నిండేదాకా ఆజంగఢ్‌లో అడుగుపెట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నారు, నిలబెట్టుకున్నారు కూడా. ఆయన అన్వేషణకు మూల్యం చెల్లించింది ఆమె. దాన్ని దాచి రాహుల్‌ను కీర్తించడం న్యాయం కాదు.

చివరి రోజుల్లో ఆయన జ్ఞాపకశక్తి పోయింది. 1963లో డార్జిలింగ్‌లో కన్నుమూశారు. అప్పటికే వందకు పైగా పుస్తకాలు రాసి ఉన్నారు. తీరిక దొరికాక రాద్దామని ఆగి ఉంటే, వాటిలో చాలా భాగం మనకు దక్కేవి కావు.