రాతికత్తి - ఒంటరి మనిషి

అడవిలో చిక్కుకొన్నవాడు రాతితో రాతిని కొట్టి కత్తి చేసికొని బతకగలడనీ, ఎవరికీ రుణపడని ఆ బతుకే అసలైన స్వేచ్ఛ అనీ నా విద్యార్థి ఒకడు వాదించాడు. కాదనే ముందు నేనూ ప్రయత్నించాను. పలుగురాయి ఒకటి ఏరి గుండ్రాతితో పది దెబ్బలు వేశాను. రాయి నలిగిందే కాని పగలలేదు. నా బొటనవేలు మాత్రం చితికింది.

పక్కనే కంకర కొడుతున్న తాత నవ్వాడు. "నడినెత్తిన కొడితే ఎట్టా పగులుద్దయ్యా! అంచు చూసుకొని వాలుగా కొట్టాల."

అలా కొట్టగానే పలచని పెచ్చు ఊడింది. దాని అంచు కాగితాన్ని కోసింది. పెచ్చు ఊడాలంటే అంచు కోణం 90 డిగ్రీలకు లోపు ఉండాలని నేను చదివినవాణ్ణే. చదువు చేతిదాకా దిగలేదు, అంతే.

1911లో కాలిఫోర్నియాలో అడవి వదలి వచ్చిన ఇషీని తలచుకొన్నాను. వలస వచ్చిన తెల్లవాళ్ళ హత్యాకాండలో నశించిన యాహీ జాతిలో మిగిలినవాడు అతనొక్కడే. 1916లో క్షయతో మరణించేవరకు మ్యూజియంలో ఉంటూ, సీసాపెంకులతో సైతం బాణపు మొనలు చెక్కి చూపేవాడు. అంతకన్న ఒంటరి ఎవరు? అయినా ఆ చేతికి పని నేర్పింది మనుషులే గదా!

ఇదంతా విద్యార్థికి చెప్పాను. "అయితే ఆ తాతను క్లాసుకు పిలుద్దాం మాస్టారూ, మీ గంట జీతమే ఇద్దాం" అన్నాడు.

వెంటనే ఔననలేకపోయాను.