కన్నదే యెఱుక

ఎఱిగినవాడు తప్పు చేయునా? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీకు తత్త్వవేత్తలు దీనిని పెక్కువిధముల చర్చించిరి. వారి భాషలోని యొక క్రియాపదమున దీనికి సమాధానము కొంత యిమిడియున్నది. ఆ పదము ‘ఓయ్ద’. ‘నేనెఱుగుదును’ అని దాని యర్థము.

ఈ పదము రూపమున భూతకాలమునకు, అర్థమున వర్తమానమునకు చెందినది. దీని ధాతువునకు ‘చూచుట’ యని మూలార్థము. ‘చూచితిని’ అను నర్థము గల ‘ఏయ్దొన్’ అను రూపమును ఆ ధాతువునుండియే పుట్టినది. కావున ‘చూచియున్నాను, అందుచే నెఱుగుదును’ అనుట ‘ఓయ్ద’ యొక్క భావము. చూచుట ముగిసినను దాని ఫలము నిలిచియుండును. ఆ నిలిచినదే యెఱుక.

సంస్కృతము నభ్యసించినవారికి ఇది వింత గాదు. ‘విద్’ ధాతువునకు లిట్ ప్రత్యయములు చేరి ‘వేద’ యైనను, వర్తమానార్థమే కలదని పాణినీయము తెల్పుచున్నది. గ్రీకు ఏకవచనమున ఓయ్ద, ఓయ్స్థ, ఓయ్దె. సంస్కృతమున వేద, వేత్థ, వేద. ‘మేమెఱుగుదుము’ అనుటకు హోమరు వాడిన రూపము ‘ఇద్మెన్’, సంస్కృతరూపము ‘విద్మ’. గ్రీకున ఆదివకారము లోపించుటచే ఈ చుట్టఱికము పైకి కానరాదు. తెలుగున ‘కనుగొనుట’ యందును చూపే యెఱుకయైనది గదా!

ప్లేటో రచించిన ‘ప్రోటగోరస్’ సంవాదమున సోక్రటీసు, మేలు నెఱిగినవాడు బుద్ధిపూర్వకముగా కీడు చేయడని వాదించెను. లోకము దీనికి విరుద్ధముగా తోచును. అసత్యము పాపమని చెప్పుచునే అసత్యమాడువారు లేరా?

అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) ‘నికోమాకియన్ నీతిశాస్త్రము’ ఏడవ భాగమున ఈ చిక్కును విప్పజూచెను. మత్తులో నున్నవాడును ఎంపెడోక్లీసు పద్యములను చదువగలడు. క్రొత్తగా నేర్చినవాడు మాటలను వరుసగా కూర్పగలడు. కాని యింకను ఎఱుగడు. అచట నాతడు వాడినది ‘ఓయ్ద’ యొక్క బహువచనరూపమగు ‘ఇసాసి’. నేర్చినది స్వభావములో కలిసిపోవలెను; అందుకు కాలము పట్టునని యాతని యభిప్రాయము.

ధర్మము కంటికి కనబడునది కాదు, దానిని చూచుటెట్లని కొందఱు శంకింపవచ్చును. తన యసత్యమువలన నొకనికి కలిగిన దుఃఖమును దగ్గఱనుండి చూచినవానికి ఆ శంక యుండదు. వానికి అసత్యము కేవలము వినిన దోషము కాదు, కన్న దోషము. నీతివాక్యమును అప్పగించిన బాలుని ‘ఎఱిగినాడు’ అని పెద్దలు తృప్తిపడరాదు. వాడు విన్నాడు, కనవలసియున్నది. కనునట్లు చేయుట పెద్దల నడవడి వలననే సాధ్యము.