ప్రభువు బల్ల, చర్చల బల్ల

సంప్రదాయ క్రైస్తవులు ఉదారవాదులతో చర్చకు కూర్చోవాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడల్లా నాకు దక్షిణ ఇండియా సంఘం గుర్తొస్తుంది. 1919లో తరంగంబాడిలో మొదలైన సంభాషణే 1947లో ఆ సంఘమైంది. ఇవాళ కాపాడుకోవాలంటున్న సంప్రదాయం కూడా ఒకనాటి చర్చల బిడ్డే కదా!

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని కొరింథీయులకు రాసిన పౌలే, రోమా పత్రికలో ఫీబేను సంఘ పరిచారకురాలిగా పరిచయం చేశాడు. ఏ పౌలును వినాలి? దీన్ని ఏ ఒక్క పక్షమూ ఒంటరిగా తేల్చలేదు. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యాక కూడా ఆ ప్రశ్న ముగిసిపోలేదు.

అయితే చర్చలో అందరూ పోగొట్టుకునేది ఒకటి కాదు. సంప్రదాయవాదికి అదొక అభిప్రాయం. బోధకురాలు కావాలనుకున్న స్త్రీకి జీవితం. ఆమె లేని చోట ఆమె గురించి జరిగే చర్చ చివరికి తీర్పుగానే మిగులుతుంది. మాట్లాడుకోవాల్సిందే అంటాను నేను. ముందు ఆమెకు ఆ బల్ల దగ్గర చోటివ్వండి.