మిగిలిన ఓపిక యెవరి సొత్తు?

జ్వరము వచ్చినవాని విషయమున మన యిండ్లలో ధర్మసందేహములు పుట్టవు. వానికి మంచము వేయుదుము, లంఖణము పెట్టుదుము, చారు కాచి పోయుదుము. చుట్టపక్కాలు బత్తాయిపండ్లు పట్టుకొని వచ్చి చూచి పోవుదురు. పది దినములలో పథ్యము పెట్టి స్నానము చేయించినచో కథ ముగియును. అట్లుగాక, రోగము అతిథివలె వచ్చి అద్దెకున్నవానివలె స్థిరపడిపోయినప్పుడు ఏమి చేయవలయునో మన ఆచారములు చెప్పలేదు. మొదటి యేడు పండ్లు తెచ్చిన చుట్టములే మూడవ యేడు పెండ్లిపందిరిలో కనబడి, "ఇంకా తగ్గలేదూ?" అని యడుగుదురు. ఆ ప్రశ్నలో జాలి కొంత, అనుమానము కొంత. ఆ అనుమానమును గూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయబూనితిమి. అది పరాయివారి నోట మాత్రమే విన్నదైనచో వ్రాయకపోదుము. ఒకనాడు మా నోటనే వచ్చినది.

మేము బరంపురమువారము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా యేర్పడినప్పుడు మా తాతగారు ఇల్లు కదలలేదు, సరిహద్దే కదలినది. ఆ యిల్లే నేటికిని మాది. వెనుక పెరడు, నుయ్యి, తులసికోట, నాలుగు మందారలు, ఒక కరివేపచెట్టు. ఆ యింట 2009లో మా శ్రీమతికి చేతివ్రేళ్ళ కణుపులు వాచినవి. చలి వలన ననుకొంటిమి. సంక్రాంతి పోయి ఉగాది వచ్చినను వాపు పోలేదు.

వైద్యులు దీనిని రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. మన పెద్దలు కీళ్ళవాతమని ఒక్క పేరుతో పిలిచిన అనేక బాధలలో ఇదియొకటి. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, కీళ్ళలోపలి పలుచని పొరను శత్రువనుకొని దాడి చేయుట దీని స్వభావము. తరచుగా రెండు చేతులకును జతగా వచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు ఎక్కువగా వచ్చును. నిద్ర లేచిన పిమ్మట గంటసేపు, ఒక్కొక్కనాడు రెండు గంటలు, మా శ్రీమతి వ్రేళ్ళు ముడుచుకొనవు. ప్రొద్దెక్కిన కొలది సడలును. మెథోట్రెక్సేట్ అను మాత్ర ఆమెకు వారమునకొక్కసారి మాత్రమే. పొరబాటున దానిని దినదినమును మ్రింగినచో ప్రాణముమీదికి వచ్చునని వైద్యులు మరి మరి చెప్పినందున, మా యింటి గోడ క్యాలెండరులో బుధవారములన్నింటికిని ఎఱ్ఱసిరా గుర్తులుండును. నెత్తురు పరీక్షలు సరేసరి. మందు వాపును అదుపులో నుంచును, వ్యాధిని వెళ్ళగొట్టదు.

వీటన్నింటికంటె చిక్కైన లక్షణము వేరొకటి కలదు. ఈ వ్యాధి నేడున్నట్లు రేపుండదు. నిన్న బియ్యము చెరిగిన చేయి నేడు చెంబు పట్టలేదు. కాలు విరిగినవానికి కట్టు సాక్ష్యము చెప్పును. జ్వరమున్నవానికి కొలత గాజుగొట్టములో కనబడును. ఈమెకు సాక్ష్యము ఆమె మాట యొక్కటే. మాట యొక్కటే సాక్ష్యమైనచోట వినువాని స్వభావమే తీర్పగును.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినది. తెల్లవారునప్పటికి మా పెరటి మామిడిచెట్టు నూతిమీద పడియున్నది. నాలుగు తరములు కాయలు తిన్న చెట్టు. దానిని కొట్టించి బయట వేయించుటకు వారము పట్టినది. అది పోయిన పిమ్మట ఏనాడును ఎండ సోకని నేలమీద ఎండ పడినది, పడినచోటనెల్ల ఏదో యొకటి మొలచినది. జిల్లేడు వచ్చినది, దానివెంట సీతాకోకచిలుకలు వచ్చినవి. ఆ శీతకాలములోనే మా కుమారుడు తాను వాడి ప్రక్కన పెట్టిన కెమెరాను తల్లికిచ్చి, "ఊరికే కూర్చునే బదులు చూస్తూ ఉండమ్మా" అని ముక్కాలి స్టాండొకటి కొని తెచ్చినాడు.

అరకిలో పైబడిన కెమెరాను ఆమె చేతితో ఎత్తి పట్టుకొనదు. స్టాండుమీద బిగించుట మనుమరాలి పని. మీట నొక్కుటకు వ్రేలు లొంగనినాడు, రెండు సెకండ్లాగి తనంత తానే బొమ్మ తీసికొను ఏర్పాటు అందులో కలదు. ఇందులో విధి చేసిన పరిహాసమొకటి చూడుడు: బొమ్మలకు మేలైన వెలుతురు ఉదయమున, ఆమె వ్రేళ్ళకు గొడ్డుకాలమును ఉదయముననే. కావున సాయంకాలము నాలుగు గంటలకు పీట వేసికొని కూర్చుండును. మా ప్రాంతమున పుష్యమాసములో అయిదున్నరకే చీకటి పడనారంభించును గనుక ఉన్నది ఒక్క గంటయే. నూతిగిలక మీది గోరువంక, దొండపాదుమీద మెడ ఎగరవేయు తొండ, తులసికోట యంచున ఉడుత. అచ్చు వేయించిన బొమ్మల వెనుక మనుమరాలిచేత పేర్లు వ్రాయించును. పిల్ల బడిలో నేర్చినది ఒడియా. ఉడుతను గుండుచి మూష యనియు, సీతాకోకచిలుకను ప్రజాపతి యనియు ఎరుగును. రెండు పేర్లును రెండు లిపులలో వ్రాయించుట మామ్మగారి నియమము. మా యింట తెలుగు అక్షరాభ్యాసము ఈ విధముగా ఉడుత వీపుమీద జరిగినది.

ఇక మా తప్పు. మా తండ్రిగారి ఆబ్దికమునాడు కోడలు తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంటయంతయు ఒంటిచేత చేసినది. పప్పు రుబ్బుట మొదలు గారెలు వేయుటవరకు అత్తగారి చేయి అందలేదు. ఆమె గోడకానుకొని కూర్చుండి చెప్పుచుండెను, కోడలు చేయుచుండెను. మరునాడు సాయంకాలము మా శ్రీమతి ఎప్పటివలెనే పెరటిలో కెమెరా ముందు కూర్చున్నది. ఆబ్దికమునకు వచ్చిన మా అప్పగారు అది చూచి, "వంటింట్లోకి రాని చేతులు ఫొటోలకి వస్తున్నాయేమిరా?" అన్నది. మేము నవ్వి యూరకుండవలసినది. నవ్వక, పెరటి గుమ్మము దగ్గరకు పోయి, "కెమెరాకున్న ఓపిక కోడలి పనికి లేకపోయిందా?" అంటిమి.

ఆమె మారు పలుకలేదు. మీట నొక్కలేదు. మనుమరాలిని పిలిచి కెమెరాను విప్పించి బీరువాలో పెట్టించినది. పదునొకండు దినములు అది బీరువాలోనే యున్నది. పండ్రెండవనాడు మా కాఫీ గ్లాసు ముందుంచి ఇట్లన్నది: "నిన్నటి నొప్పి నిన్నటిది. రోజు మొత్తానికి నాకు మిగిలేది ఓ గుప్పెడు ఓపిక. దాన్ని ఎవరికి ఖర్చు పెట్టాలో మీరు పద్దు రాస్తానంటే రాయండి. రాసినట్టే నడుస్తాను."

పద్దు వ్రాయుటకే కూర్చుంటిమి. వ్రాయలేకపోతిమి. ఎందుచేతనో చెప్పుటయే ఈ వ్యాసము.

మా ప్రశ్నలో రెండు నిందలున్నవి. మొదటిది అసత్యము: లేదన్న ఓపిక ఉన్నదని. ఇది సులభముగా వీగిపోవును. రుబ్బుటకు మణికట్టు, గిన్నె దించుటకు పిడికిలి కావలెను. మీటకు ఒక్క వ్రేలి కొస చాలును. అంతియేగాక ఒకనాటి చేతికి మరునాటి చేయి పూచీపడదు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికుండవలసిన గుణములలో ధైర్యముతోపాటు తన బాధను తెలుపగలుగుటయు నొకటి. పరిచారకునికి ఉపచారము నెరుగుట, దక్షత, అనురాగము, శుచి. రోగి తెలుపవలెనన్న గ్రంథము, తెలిపినదానిని నమ్మవలెనని పరిచారకుని గుణములలో వేరుగా లెక్కింపలేదు. అనురాగమనగానే నమ్మకము అందులో ఇమిడియుండునని తలచెను కాబోలు. మా యింట అనురాగము ఉండియే నమ్మకము చాలకపోయినది.

రెండవ నింద బరువైనది. ఓపిక ఉన్నమాట నిజమే యనుకొందము. అది గుప్పెడే యైనను ముందు ఇంటికి చెందవలదా? తనకొరకు ఇతరులు రెట్టింపు చాకిరి చేయుచుండగా రోగి తన మిగులును వినోదమునకు ఖర్చు చేయుట న్యాయమా? మనము ఋణములను నమ్మిన జాతివారము. దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు శతపథబ్రాహ్మణము మనుష్యుల ఋణమును గూడ పేర్కొన్నది. మంచముననున్నవానికి నీరందించినవారియెడల ఋణము లేదనుట యెట్లు?

దీనికి చదువుకొన్నవారు ఒక జవాబు చెప్పుదురు. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వారుకు ఏబదియేండ్ల ప్రాయమున ఈ వ్యాధియే వచ్చినది. వ్రేళ్ళు కొంకరలు పోయినను ఇతరులు చేతికి కుంచె నందింపగా 1919లో మరణించువరకు చిత్రించుచునేయుండెను. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863 డిసెంబరులో, 48వ యేట, కూతురును అల్లుడును కెమెరా బహూకరించిరి. ఆమె కోళ్ళగూడును చిత్రశాలగాను, బొగ్గులకొట్టును చీకటిగదిగాను మార్చుకొన్నది. ఇట్టివారిని చూపి, వ్యాసంగమునకు అడ్డుచెప్పరాదందురు.

ఈ జవాబు మాకు రుచింపలేదు. రెన్వారు చిత్రములు గొప్పవి గనుక ఆయన ఇంటివారి శ్రమ సార్థకమైనదనినచో, చిత్రములు నాసిరకమైయుండిన ఆయనను కుంచె పట్టనీయకుండుట న్యాయమగునా? మా శ్రీమతి తీసిన బొమ్మలలో సగము చెదరిపోయియుండును. తోకలేని గోరువంకలు మా యింట లెక్కకు మిక్కిలి. బొమ్మల గొప్పతనముమీద ఆమె గంటను నిలబెట్టినచో ఆ గంట నిలువదు. వ్యాసంగము నొప్పిని తగ్గించును గనుక ఔషధమువంటిదే యనువారును కలరు. అదియు మాకు నిజముగా తోచలేదు. వాపును తగ్గించునది బుధవారపు మాత్ర. కెమెరా ఏ కీలును నయము చేయలేదు.

ఓపిక యన్న మన మాటనే కొంచెము నిలిచి చూచితిమి. ఓపిక లేదన్నచో బలము లేదని యర్థము. ఓపిక పట్టుమన్నచో సహింపుమని యర్థము. రెంటికిని ఒక్కటే మాట. రోగి దినమంతయు రెండవ యర్థమున ఖర్చు చేయుచునేయున్నాడు. లేచుటకు, కూర్చుండుటకు, గుండీ పెట్టుకొనుటకు, "ఇంకా తగ్గలేదూ" అన్నవారికి నవ్వుచు బదులు చెప్పుటకు. మేము పద్దులో ఆ ఖర్చు వ్రాయనే లేదు. మిగిలిన గుప్పెడు మాత్రము చూచి, ఇది యెక్కడిదని నిలదీసితిమి.

ఇంతవరకు వచ్చి ఆగినచో కోడలికి అన్యాయము చేసినవారమగుదుము. ఆమె నాలుగింటికి లేచిన సంగతి కల్ల కాదు. అత్తగారికి ఒక గంట హక్కున్నదని మేము తీర్పు చెప్పి వాలుకుర్చీలో కూర్చున్నచో, ఆ గంట వెల చెల్లించునది ఆ పిల్లయే. ఆమెకు గంట యెవరిత్తురు? ఈ ప్రశ్న వేసికొన్న దినముననే పద్దులో మూడవ పేరు మాకు కనబడినది. ఉద్యోగము విరమించిన నాటినుండి మేము ఉదయమున రెండు గంటలు పత్రిక చదువుదుము, సాయంకాలము గంటసేపు స్నేహితులతో నడచివత్తుము. మా ఓపిక ఎక్కడ ఖర్చగుచున్నదని ఏ అప్పగారును, ఏ కోడలును, ఏనాడును అడిగియుండలేదు. ఆరోగ్యవంతుని తీరికకు లెక్క లేదు. రోగి తీరికకు మాత్రము రసీదు కావలెను. ఆడువారి తీరిక సంగతి చెప్పనేల!

అప్పటినుండి సాయంకాలపు వంట మాది. ఉప్మాలో ఉండలు కట్టుచున్నవని మనుమరాలి ఫిర్యాదు. నిజమే, కట్టుచున్నవి. మొదటి నెల కోడలు వంటింటి గుమ్మములో నిలబడి, "నేను చేస్తాను మామయ్యగారూ" అనుచునేయుండెను. తరువాత అనుట మానినది. ఆ సమయమున కొన్నినాళ్ళు పడుకొనెను, కొన్నినాళ్ళు ఊరకే వీధి యరుగుమీద కూర్చుండెను. ఏమి చేయుచున్నావని మేమడుగలేదు. అడుగకుండుట మాకు ఉప్మాకంటె కష్టముగా నుండెను.

మొన్నటి కార్తికములో కరివేపచెట్టుమీద పురుగు కనబడినది. మొదట పిట్టరెట్టవలె నుండి, కొన్నాళ్ళకు ఆకుపచ్చగా మారి, రెమ్మకొక రెమ్మగా ఆకంతయు మేయుచుండెను. పోపులోనికి ఆకు కావలసినవారు ఒకరు, పురుగు కావలసినవారు మరొకరు. అత్తాకోడళ్ళ సంప్రదింపులు రెండు నిమిషములలో ముగిసినవి: తూర్పు కొమ్మ పురుగుది, తక్కినది వంటింటిది. పురుగు ఆ యొడంబడికను పాటింపలేదు గాని, కోడలు పాటించినది. కొన్నాళ్ళకు అది సన్నని పట్టుదారముతో నడుము కట్టుకొని కొమ్మకు చేరగిలబడి గూడైపోయినది. పది దినములు మా శ్రీమతి దినమున కొక్క బొమ్మ తీసినది. పదియవనాటి సాయంకాలము గూడు నల్లబడి, లోపలి రెక్కలు పైకి కనబడసాగినవి. రేపు తెల్లవారేసరికే వచ్చునని ఆమె యన్నది. అని తన చేతులవంక చూచుకొన్నది.

తెల్లవారినది. వ్రేళ్ళు ఎప్పటివలెనే కొయ్యబారియున్నవి. స్టాండు రాత్రియే బిగించి యుంచిరి. ఆమె పీటమీద కూర్చుండి కంటితో చూచి, "కొంచెం ఎడమకి... ఇంకొంచెం... ఇప్పుడు" అనెను. కోడలు వంటింటినుండి వచ్చి, తడిచేయి కొంగుకు తుడుచుకొని, మీట నొక్కెను. నలుపు రెక్కలు ముడుతలతో వ్రేలాడుచు, గూటి పెంకునే పట్టుకొనియున్న సీతాకోకచిలుక. బొమ్మ కుడివైపు కొంచెము చెదరినది.

దానిని అచ్చు వేయించి తెచ్చినారము. వెనుక మనుమరాలు సీతాకోకచిలుక యనియు, ప్రజాపతి యనియు రెండు లిపులలోను వ్రాసినది. తీసినవారు అన్నచోట ఎవరి పేరు వ్రాయవలెనని యడిగినది. అత్తగారు కోడలి పేరు చెప్పెను, కోడలు అత్తగారి పేరు చెప్పెను. ఆ చోటు ఇంకను ఖాళీగానే యున్నది.